137 అంటే మెమరీ చాలకపోవడమేనా? చెన్నైలో ఒక సొంత వీడియో వేదిక కేస్ స్టడీ

నేపథ్యం

నర్సులకు, ఆసుపత్రి టెక్నీషియన్లకు శిక్షణ ఇచ్చే చెన్నై సంస్థ ఒకటి తన పాఠాల వీడియోలను బయటి వేదికల మీద కాకుండా సొంత సర్వర్లలోనే ఉంచుకోవాలనుకుంది. పాఠాల్లో కొన్ని వార్డుల్లో చిత్రీకరించినవి కావడంతో రోగి ముఖమో, కేస్ షీటో ఎక్కడో ఒకచోట కెమెరాకు చిక్కే అవకాశం ఉంది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక వారి న్యాయ సలహాదారు ఈ విషయంలో ససేమిరా అన్నారు. సంస్థను గుర్తుపట్టగలిగే వివరాలన్నీ తీసేసి, యంత్రాల పరిమాణాలను మాత్రం ఉన్నవి ఉన్నట్టుగా ఉంచి ఈ కేసును నమోదు చేస్తున్నాను, ఎందుకంటే తర్కమంతా ఆ అంకెల మీదే ఆధారపడి ఉంది.

వారు ఎంచుకున్నది పీర్‌ట్యూబ్. ఫ్రాన్స్‌కు చెందిన ఫ్రామాసాఫ్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ అభివృద్ధి చేస్తున్న ఈ ఓపెన్ సోర్స్ వేదిక తొలి స్థిర వెర్షన్ 2018లో వచ్చింది. వేర్వేరు సర్వర్లు ఒకదానితో ఒకటి కలిసి పనిచేయడం, చూసేవారి బ్రౌజర్లే వీడియో ముక్కలను పరస్పరం పంచుకోవడం దాని ప్రత్యేకతలు. ఇక్కడ ఆ రెండింటినీ ఆపేయాల్సి వచ్చింది. మొదటిది అంతర్గత పాఠాలకు పనికిరాదు, రెండోది చూసేవారి ఐపీ చిరునామాలను తోటివారికి బయటపెడుతుంది. ఇంత తీసేశాక ఇంకేం మిగిలిందని ఎవరైనా అడగవచ్చు. లాగిన్ ఉన్నవారికే కనిపించే వీడియోలు, ఛానళ్లు, ప్రత్యక్ష ప్రసారం, నెట్ వేగాన్ని బట్టి నాణ్యత మార్చుకునే ప్లేయర్ ఒకేచోట దొరకడం వారికి చాలు, కాబట్టి ఎంపిక జోలికి నేను వెళ్లలేదు.

అప్లికేషన్లను కంటైనర్లు అనే విడివిడి పెట్టెల్లో పెట్టి అనేక యంత్రాల మీద నడిపించే కుబర్నెటీస్ క్లస్టర్ సంస్థలో ముందే ఉంది. 2015 వరదల తర్వాత పై అంతస్తుకు మార్చిన సర్వర్ గదిలో 16 లాజికల్ కోర్ల నోడ్‌లు (క్లస్టర్‌లోని యంత్రాలు), నెట్‌వర్క్ మీద నడిచే బ్లాక్ స్టోరేజ్, ముందు బయటి అభ్యర్థనలకు లోపలికి దారి చూపే ఎన్‌జినెక్స్ ఆధారిత ఇన్‌గ్రెస్ ఉన్నాయి. పీర్‌ట్యూబ్‌ను ఒకే పాడ్‌గా (కుబర్నెటీస్ ఒక యూనిట్‌గా నడిపే కంటైనర్ లేదా కంటైనర్ల గుంపు) పెట్టి, దానికి 4 కోర్ల పరిమితి ఇచ్చి, పక్కన డేటాబేస్ అయిన పోస్ట్‌గ్రెస్‌ను, మెమరీలో డేటా ఉంచే రెడిస్‌ను వేరే పాడ్‌లుగా నిలబెట్టారు. వీడియోను వేర్వేరు నాణ్యతల్లోకి మార్చే (దీన్నే ట్రాన్స్‌కోడింగ్ అంటారు) ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ప్రోగ్రామ్ కూడా ఆ పీర్‌ట్యూబ్ పాడ్‌లోనే నడుస్తుంది.

సమస్య

పది నిమిషాల లోపు వీడియోలు ఏ ఇబ్బందీ లేకుండా ఎక్కేవి. గంట పాఠం ఎక్కించినప్పుడు మాత్రం అప్‌లోడ్ నూరు శాతం పూర్తయి, ట్రాన్స్‌కోడింగ్ మొదలైన కాసేపటికే సైట్ అందరికీ ఆగిపోయేది. తిరిగి వచ్చేది, ట్రాన్స్‌కోడింగ్ మళ్లీ సున్నా నుంచి మొదలయ్యేది, మళ్లీ సైట్ పోయేది. వరుసగా పడిపోయే కంటైనర్‌ను కుబర్నెటీస్ వెంటనే లేపదు. మొదట 10 సెకన్లు ఆగి, ఆ వ్యవధిని ప్రతిసారీ రెట్టింపు చేస్తూ 5 నిమిషాల దాకా తీసుకెళ్తుంది. అందువల్ల పాఠం ఎంత పొడవైతే సైట్ అంత ఎక్కువసేపు కనబడకుండా పోయేది. ఎక్కించిన అధ్యాపకురాలికి తన వీడియోనే సైట్‌ను పడగొడుతోందని తెలియదు. హాస్టల్ గదిలో అదే సమయంలో వేరే పాఠం చూస్తున్న విద్యార్థినికి తన ఫోన్ నెట్ పోయిందనే అనిపించేది.

నేను వెళ్లేలోపు చేసినవి

సిస్టమ్స్ చూసుకునే అబ్బాయి మన వైపు వాడే, పని తెలిసినవాడు. ఆగిపోయిన కంటైనర్ 137 అనే నిష్క్రమణ సంఖ్యతో ముగుస్తోందని గమనించి, అది మెమరీ చాలక వచ్చే సంఖ్య అని ఎక్కడో చదివినందువల్ల పరిమితిని 4 నుంచి 8 జీబీకి, ఆపై 16 జీబీకి పెంచుకుంటూ వెళ్లాడు. “అన్నా, ఇంకా పెంచాలంటే నోడ్‌లోనే లేదు. అయినా 137 వస్తూనే ఉంది” అన్నాడు.

137 అంటే 128కి 9 కలిపితే వచ్చే సంఖ్య. 9 అనేది ప్రక్రియను బలవంతంగా ముగించే సిగ్నల్. ఆ సిగ్నల్‌ను ఎవరు, ఎందుకు పంపారో 137 చెప్పదు. మెమరీ దాటినందుకు ఆపరేటింగ్ సిస్టమ్ గుండె అయిన కెర్నెల్ పంపి ఉండవచ్చు, మరేదో కారణంతో ప్రతి నోడ్‌లో కంటైనర్లను చూసుకునే కుబర్నెటీస్ ప్రోగ్రామ్ కుబెలెట్ పంపి ఉండవచ్చు. తేడా తెలియాలంటే పాడ్ వివరణలో చివరి స్థితి కింద ఉండే కారణం అనే గడిని చూడాలి. మెమరీ వల్లయితే అక్కడ ‘ఓఓఎమ్ కిల్డ్’ అని ఉంటుంది. ఇక్కడ ‘ఎర్రర్’ అని మాత్రమే ఉంది, మెమరీ గ్రాఫ్ 3 జీబీని ఏనాడూ దాటలేదు. ఈ ఒక్క గడిని ముందే చూసి ఉంటే మెమరీ పెంచే ప్రయత్నం మొదలయ్యేదే కాదు.

తర్వాతి ప్రయత్నం ఆటోస్కేలర్. సీపీయూ వాడకం పెరిగితే రెండో పాడ్ లేస్తుందని, భారం పంచుకుంటుందని ఆశించారు. రెండో పాడ్ వేరే నోడ్ మీద పడి, ఫైళ్లుండే డిస్క్ (వాల్యూమ్) ఒక నోడ్‌కు మాత్రమే తగిలించగలిగే రకం కావడంతో లేవకుండా అక్కడే వేలాడింది. అప్పుడు అనేక నోడ్‌లు పంచుకోగలిగే ఎన్‌ఎఫ్‌ఎస్‌కు ఫైళ్లను మార్చారు. దాంతో రెండు పాడ్‌లూ లేచాయి గానీ కష్టం తీరలేదు. పీర్‌ట్యూబ్ ఒకే ప్రక్రియగా నడిచేలా రాసిన అప్లికేషన్. దాన్ని రెండు చేసి పక్కపక్కన నిలబెట్టడం దాని రచయితలు అనుకున్న వాడకం కాదు. పైగా ఒక వీడియో ట్రాన్స్‌కోడింగ్ ఒకే పాడ్‌లో జరిగే పని కాబట్టి ఎన్ని పాడ్‌లు లేపినా ఆ ఒక్క పాడ్ మీద భారం తగ్గదు. ఆటోస్కేలర్‌ను తీసేయించి, మళ్లీ ఒక్క పాడ్‌కు, పాత వాల్యూమ్‌కు వచ్చాం.

చంపుతున్నది ఎవరు

క్లస్టర్ ఈవెంట్లలో కారణం రాసే ఉంది: లైవ్‌నెస్ ప్రోబ్ విఫలమైంది, సమాధానం గడువు దాటింది, కంటైనర్‌ను పునఃప్రారంభిస్తున్నాం. కంటైనర్ బతికే ఉందా అని కుబర్నెటీస్ పదేపదే చేసే తనిఖీ ఈ ప్రోబ్, దాని అమరికలను ఎవరూ ముట్టుకోలేదు. వాటి డిఫాల్ట్ విలువల ప్రకారం 10 సెకన్లకొకసారి అడిగి, 1 సెకనులో జవాబు రాకపోతే తప్పినట్టు లెక్కించి, వరుసగా 3 సార్లు తప్పితే కంటైనర్‌ను ముగిస్తారు. ముగించేటప్పుడు ముందు మర్యాదగా ఆగమని సిగ్నల్ పంపి, 30 సెకన్లు వేచి చూసి, అప్పటికీ ఆగకపోతే 9వ సిగ్నల్ పంపుతారు. ఆ 137 పుట్టింది అక్కడ. ఇక ప్రోబ్ అడుగుతున్నది వీడియోల జాబితాను తెచ్చే చిరునామాను, అంటే ప్రతి తనిఖీకీ డేటాబేస్ దాకా వెళ్లి రావాలి.

అయితే మామూలుగా మిల్లీసెకన్లలో వచ్చే జవాబు ట్రాన్స్‌కోడింగ్ సమయంలో ఒక సెకను ఎందుకు దాటుతోంది? 4 కోర్లు ఇచ్చాం కదా అన్నది న్యాయమైన ప్రశ్నే. ఇక్కడ కాస్త నెమ్మదిగా చూడాలి. కుబర్నెటీస్‌లో 4 కోర్ల పరిమితి అంటే 4 కోర్లను విడదీసి చేతికివ్వడం కాదు. ప్రతి 100 మిల్లీసెకన్ల కిటికీలో మొత్తం 400 మిల్లీసెకన్ల సీపీయూ కాలం వాడుకోవచ్చని లైనక్స్ కెర్నెల్‌లో రాసే కోటా అది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఈ కోటాను చూడదు, నోడ్‌లో తనకు కనిపించే కోర్లను లెక్కపెడుతుంది. వేగం కోసం ట్రాన్స్‌కోడింగ్ థ్రెడ్‌ల (ఒకేసారి సమాంతరంగా నడిచే పని పాయల) సంఖ్యను డిఫాల్ట్ అయిన 1 నుంచి ‘ఆటో’కు మార్చి ఉన్నందువల్ల, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వాడే ఎక్స్264 ఎన్‌కోడర్ 16 కోర్లకు ఒకటిన్నర రెట్లు, అంటే 24 థ్రెడ్‌లు తెరిచింది. అవన్నీ 16 కోర్ల మీద ఒకేసారి పరుగెడితే 400 మిల్లీసెకన్ల కోటా 25 మిల్లీసెకన్లలో అయిపోతుంది. మిగతా 75 మిల్లీసెకన్లు ఆ కంటైనర్‌లోని ప్రతి ప్రక్రియా నిలిచిపోతుంది, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఒక్కటే కాదు, వెబ్ జవాబులిచ్చే నోడ్ జేఎస్ అనే ప్రోగ్రామ్ కూడా. నెల జీతం మొదటి వారంలోనే ఖర్చుపెట్టేసిన ఇంట్లో ఖర్చు చేయనివాడూ పస్తుండటం లాంటిదే ఇది. ఆ 25 మిల్లీసెకన్లలోనైనా వెబ్ ప్రక్రియ 24 థ్రెడ్‌లతో వంతుకు పోటీపడాలి. అదే స్టోరేజ్ మీద ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ రాతలు, పోస్ట్‌గ్రెస్ చదువులు కూడా ఒరుసుకుంటుంటే జాబితా తెచ్చే జవాబు సెకను దాటడంలో వింత లేదు.

ఊహ మీద ఆగకుండా, కొలతలు పోగుచేసే ప్రొమీథియస్‌లో ఆ కంటైనర్‌కు కోటా అయిపోయి నిలిచిన కిటికీల సంఖ్యను, మొత్తం కిటికీల సంఖ్యతో పక్కపక్కన గీయించాం. ట్రాన్స్‌కోడింగ్ మొదలవగానే రెండు గీతలూ దాదాపు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. నోడ్ మొత్తం సీపీయూ గ్రాఫ్ మాత్రం పావు వంతు దగ్గరే కూర్చుంది, అందుకే అప్పటిదాకా దాన్ని చూసినవారికి సీపీయూ మీద అనుమానం రాలేదు.

పరిష్కారానికి దారి

ముందు ప్రోబ్‌ను సరిచేశాం. లైవ్‌నెస్ ప్రోబ్‌ను పీర్‌ట్యూబ్‌లో ఉన్న తేలికపాటి పింగ్ చిరునామాకు మార్చి, గడువునూ తప్పుల సంఖ్యనూ బాగా సడలించాం. నా దృష్టిలో ఆ ప్రోబ్ అడగాల్సింది ఒక్కటే: పునఃప్రారంభిస్తే బాగుపడే స్థితిలో ఇది ఉందా? డేటాబేస్ నెమ్మదిస్తే వెబ్ పాడ్‌ను చంపడం వల్ల డేటాబేస్ వేగం పెరగదు, కాబట్టి డేటాబేస్‌ను తాకే తనిఖీకి ఆ ప్రోబ్‌లో చోటు లేదు. కాసేపు కొత్త అభ్యర్థనలు పంపకుండా ఉండటం చాలిన సందర్భాలను రెడీనెస్ ప్రోబ్‌కు వదిలేశాం. వెర్షన్ మారినప్పుడు పీర్‌ట్యూబ్ మొదట డేటాబేస్ నిర్మాణాన్ని మార్చుకుంటుంది గనుక, ఆ మధ్యలో ఎవరూ దాన్ని ముగించకుండా పొడవైన గడువుతో స్టార్టప్ ప్రోబ్ కూడా పెట్టాం.

దీంతో పునఃప్రారంభాలు ఆగాయి గానీ ట్రాన్స్‌కోడింగ్ జరుగుతున్నంతసేపూ సైట్ నత్తనడక నడిచింది. సీపీయూ పరిమితిని ఎత్తేస్తే సైట్ తేరుకుంది, కానీ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఆ నోడ్‌నంతా మింగి, అక్కడే ఉన్న పోస్ట్‌గ్రెస్‌కు ఊపిరాడనివ్వలేదు. థ్రెడ్‌ల సంఖ్యను తిరిగి 1కి దించితే అంతా నెమ్మదించింది, వారాంతపు పాఠాలన్నీ ఒకేసారి ఎక్కినప్పుడు వరుస పెరిగిపోయింది. ఈ మూడు మెట్లూ ఎక్కి చూశాక ఒక సంగతి ఖాయమైంది: వెంటనే జవాబివ్వాల్సిన పని, గంటల తరబడి నూరే పని ఒకే కంటైనర్‌లో ఉన్నంతకాలం ఒకదానికి మేలు చేసే ప్రతి అమరికా రెండోదానికి కీడు చేస్తుంది.

2023లో వచ్చిన 5.2 వెర్షన్ నుంచి పీర్‌ట్యూబ్‌కు రిమోట్ రన్నర్ల సదుపాయం ఉంది. రన్నర్ వేరే ప్రక్రియ. సర్వర్‌ను అడిగి పని తీసుకుని, మూల వీడియోను దింపుకుని, మార్చిన ఫైల్‌ను తిరిగి పంపుతుంది. దాన్ని ట్రాన్స్‌కోడింగ్‌కే కేటాయించిన నోడ్‌ల మీద, మరే పాడ్ అక్కడికి రాకుండా టెయింట్ పెట్టి నిలబెట్టాం. సీపీయూ పరిమితి ఇవ్వకుండా కనీస కేటాయింపు మాత్రమే ఇచ్చి, థ్రెడ్‌ల సంఖ్యను, ఒకేసారి చేసే పనుల సంఖ్యను రన్నర్ అమరికల్లోనే కట్టడి చేశాం. కోటాతో మధ్యలో గొంతు నొక్కడం కంటే మొదట్లోనే తక్కువ థ్రెడ్‌లు తెరిపించడం మేలన్నది ఇక్కడి తర్కం. రన్నర్ పాడ్ మధ్యలో పోయినా నష్టం చిన్నదే, ఎందుకంటే డిఫాల్ట్‌గా 2 నిమిషాల పాటు కబురు రాని పనిని సర్వర్ తిరిగి వరుసలో పెడుతుంది.

చెప్పినంత సులువుగా ఇది నిలబడలేదు. రన్నర్‌ను మొదట పాడ్‌లకు స్థిరమైన గుర్తింపు ఉండని మామూలు డిప్లాయ్‌మెంట్‌గా పెడితే పాడ్ మారిన ప్రతిసారీ కొత్తగా నమోదవుతూ, నిర్వాహక పేజీలో పాత రన్నర్ల పేర్లు పోగుపడ్డాయి. నమోదు వివరాలు దాని హోమ్ డైరెక్టరీలో ఉంటాయి కాబట్టి చిన్న వాల్యూమ్ తగిలించి, పాడ్ మారినా పేరూ నిల్వా నిలిచే స్టేట్‌ఫుల్‌సెట్‌గా మార్చాం. ఆ తర్వాత మూల వీడియోను దింపుకోలేకపోయింది. రన్నర్‌కు క్లస్టర్ లోపలి సర్వీస్ పేరు ఇచ్చినా, ఫైల్ చిరునామాను సర్వర్ తన బహిరంగ పేరుతోనే తయారుచేసి ఇస్తుంది. పాడ్ నుంచి ఆ పేరుకు వెళ్తే సంస్థ ఫైర్‌వాల్ బయటికి వెళ్లి లోపలికి తిరిగి రావడానికి ఒప్పుకోలేదు. క్లస్టర్ డీఎన్‌ఎస్‌లో ఆ పేరు నేరుగా ఇన్‌గ్రెస్‌కు వెళ్లేలా ఒక నియమం రాశాక దారి దొరికింది.

ఆపై 413, అంటే పంపినది మరీ పెద్దదనే వెబ్ తిరస్కరణ. ఇన్‌గ్రెస్ ఒక అభ్యర్థనలో డిఫాల్ట్‌గా ఒప్పుకునే పరిమాణం 1 ఎంబీ. బ్రౌజర్ నుంచి అప్‌లోడ్ ముక్కలుగా వస్తుంది కాబట్టి దానికోసం ముందే కొద్దిగా పెంచి ఉంచారు. రన్నర్ మాత్రం మార్చిన ఫైల్‌ను మొత్తంగా పంపుతుంది, సెకనుకు 2 మెగాబిట్ల గంట పాఠం దాదాపు 900 ఎంబీ అవుతుంది. గంటసేపు కష్టపడి ట్రాన్స్‌కోడ్ చేసిన ఫైల్ ఆఖరి క్షణంలో గుమ్మం దగ్గర తిరస్కరణకు గురవుతుంటే రన్నర్ లాగ్ చదువుతున్న సిస్టమ్స్ అబ్బాయి ముఖం చూడాల్సిందే. పీర్‌ట్యూబ్‌తో వచ్చే ఎన్‌జినెక్స్ నమూనాలో రన్నర్ ఫలితాలు పంపే దారికి వేరుగా 12 జీబీ అనుమతి రాసి ఉంటుంది. కుబర్నెటీస్‌లో పెట్టేవారు ఆ నమూనాను పక్కన పెట్టి ఇన్‌గ్రెస్‌తో మొదలుపెడతారు గనుక అందులోని ఇలాంటి జ్ఞానమంతా జారిపోతుంది. ఆ ఫైల్‌ను వరుస వరుసా చదివి, ఒక్కో నియమాన్ని ఇన్‌గ్రెస్‌లోకి తెచ్చుకోవడం తప్పనిసరి.

వీడియో ఫైళ్లను పాడ్‌కు తగిలించకుండా నెట్‌వర్క్ మీద తీసుకునే ఆబ్జెక్ట్ స్టోరేజ్‌కు మార్చాం, దాంతో పాడ్‌కు తగిలే వాల్యూమ్ చిన్నదైంది. ఇక్కడొక మెలిక ఉంది. బహిరంగ వీడియోలను బ్రౌజర్ నేరుగా స్టోరేజ్ నుంచి తీసుకుంటుంది, అంతర్గత వీడియోలను మాత్రం పీర్‌ట్యూబ్ అనుమతి సరిచూసి తన గుండానే పంపుతుంది. ఇక్కడ ఉన్నవన్నీ అంతర్గతమే కాబట్టి స్టోరేజ్ మారినా వెబ్ పాడ్ మీద నెట్‌వర్క్ భారం తగ్గదు. సెకనుకు ఒకటిన్నర మెగాబిట్ల పాఠాన్ని 200 మంది ఒకేసారి చూస్తే 300 మెగాబిట్లు ఆ ఒక్క పాడ్ దాటాలి. సంస్థ అవసరానికి అది సరిపోతుందని లెక్క చూసుకునే ముందుకు వెళ్లాం. అంతకు పది రెట్లు ప్రేక్షకులు ఉంటే ఈ నిర్మాణాన్ని సిఫారసు చేసేవాణ్ణి కాను.

లాగిన్ల గొడవ

ట్రాన్స్‌కోడింగ్ కుదుటపడ్డాక కొత్త ఫిర్యాదు వచ్చింది. ఉదయం తరగతి మొదట్లో కొందరే లాగిన్ అవగలుగుతున్నారు, మిగతావారికి ప్రయత్నాలు మించిపోయాయనే సందేశం వస్తోంది. పీర్‌ట్యూబ్ డిఫాల్ట్‌గా ఒక ఐపీ నుంచి 5 నిమిషాల్లో 15 లాగిన్ ప్రయత్నాలనే ఒప్పుకుంటుంది. లాగ్ తెరిచి చూస్తే ప్రతి అభ్యర్థనా ఇన్‌గ్రెస్ పాడ్ చిరునామా నుంచే వచ్చినట్టుంది. ముందున్న ప్రాక్సీని, అంటే ఇక్కడ ఇన్‌గ్రెస్‌ను, నమ్మమని చెప్పే అమరికలో క్లస్టర్ పాడ్‌ల నెట్‌వర్క్ పరిధి లేదు. దాన్ని చేర్చి, ఇన్‌గ్రెస్ సర్వీస్ అసలు ఐపీని చెరపకుండా స్థానిక ట్రాఫిక్ విధానానికి మార్చాం. హాస్టల్‌వారందరూ బయటి నెట్‌వర్క్ ద్వారా ఒకే ఐపీతో వస్తుంటే ఇదీ చాలదు కాబట్టి, ప్రాంగణం లోపల ఆ పేరు ప్రైవేట్ చిరునామాకు వెళ్లేలా డీఎన్‌ఎస్ మార్పించాం. వీక్షణల సంఖ్య అనుమానాస్పదంగా తక్కువ ఉండటానికి కారణం కూడా ఇదే అని అప్పుడు తేలింది. 6.1కి ముందు వెర్షన్లలో ఒక వీడియోకు ఒక ఐపీ నుంచి గంటలో వచ్చే వీక్షణలను పీర్‌ట్యూబ్ డిఫాల్ట్‌గా ఒక్కటిగానే లెక్కించేది, దానికి తరగతి మొత్తం ఒకే మనిషిలా కనిపించింది.

నేర్చుకున్నవి, మిగిలినవి

ఇలాంటి పనికి మళ్లీ పిలిస్తే మొదటి పూటే రెండు చూస్తాను. ఆ కంటైనర్‌లో సీపీయూ కోటా నిలుపుదల ఎంత, లైవ్‌నెస్ ప్రోబ్ ఏ చిరునామాను అడుగుతోంది. నోడ్ సగటు సీపీయూ గ్రాఫ్‌ను పరిమితి ఉన్న కంటైనర్ ఆరోగ్యానికి సాక్ష్యంగా తీసుకోను. రెడిస్‌లో ఉండేది క్యాష్ మాత్రమే అనుకుని దాన్ని నిల్వ లేకుండా పెట్టడాన్నీ ఒప్పుకోను. పీర్‌ట్యూబ్ పనుల వరుస అందులోనే ఉంటుంది, ఇక్కడ ఒకసారి రెడిస్ పాడ్ నోడ్ మారడంతో కొన్ని వీడియోలు ఎప్పటికీ పూర్తికాని స్థితిలో ఉండిపోయి, వాటిని చేత్తో మళ్లీ వరుసలో పెట్టాల్సి వచ్చింది. ప్రత్యక్ష ప్రసారానికి వాడే ఆర్‌టీఎంపీ ప్రోటోకాల్ వెబ్ వాడే హెచ్‌టీటీపీ కాదు గనుక 1935 పోర్ట్‌కు ఇన్‌గ్రెస్‌తో పని లేకుండా వేరే సర్వీస్ ఇచ్చాం, దానితో పేచీ రాలేదు.

వెబ్ పాడ్ ఇప్పటికీ ఒక్కటే. కొత్త వెర్షన్ పెట్టేటప్పుడు పాతది పూర్తిగా ఆగాకే కొత్తది లేచే విధానాన్ని ఎంచుకున్నాం, ఎందుకంటే రెండూ ఒకేసారి ఉండేలా మారిస్తే, కొత్తది వేరే నోడ్ మీద పడినప్పుడు పాతది వదలని వాల్యూమ్ కోసం వేలాడి మార్పు అక్కడే ఆగిపోతుంది. యాజమాన్యం రెండు పాడ్‌లు కావాలని అడిగింది. ఈ అప్లికేషన్‌తో అది మాట ఇవ్వలేని సంగతి అని రాతపూర్వకంగానే చెప్పాను. నోడ్ హఠాత్తుగా పోతే కుబర్నెటీస్ డిఫాల్ట్‌గా 300 సెకన్లు చూసిగానీ పాడ్‌ను అక్కడి నుంచి తరలించడం మొదలుపెట్టదు, పాత నోడ్ నుంచి వాల్యూమ్ విడివడటానికి ఆపైన మరికొంత సమయం కావాలి. రికార్డు చేసిన పాఠాలకు ఆ జాప్యాన్ని సంస్థ అంగీకరించింది. ప్రత్యక్ష పరీక్షలు జరిగే రోజుల్లో మాత్రం ఒక మనిషి దగ్గరుండి, నోడ్ పోయిందని రూఢి అయిన వెంటనే దాన్ని క్లస్టర్ నుంచి చేత్తో తొలగించేలా దశలన్నీ రాసి ఇచ్చాం.